మేలైన ఎలక్ట్రిక్ గిటార్‌ను చేత్తో తయారు చేయడం: చెక్క ఎంపిక నుంచి శ్రుతి సవరణ దాకా

ఎలక్ట్రిక్ గిటార్‌ను చూసేవారి కన్ను ముందుగా బాడీ మీద పడుతుంది. పులిచారల మేపుల్, దానిమీద అద్దంలా మెరిసే లాకర్ పూత వారిని ఆకట్టుకుంటాయి. వాయించేవారి చెయ్యి మాత్రం ముందుగా నెక్ (బాడీ నుంచి సాగే పొడవాటి పిడి) మీదికే వెళ్తుంది, ఆ వాయిద్యం మంచిదో కాదో అక్కడే తేలిపోతుంది. ఒక గిటార్‌ను మేలైనదిగా నిలబెట్టేవి రెండే అని నా గట్టి నమ్మకం. మొదటిది నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) నడిమి నుంచి బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) నడిమి దాకా ఎక్కడా తప్పని మధ్యరేఖ. రెండవది 45 కిలోలకు పైబడిన తీగల లాగుడును తట్టుకుంటూ ఏళ్ల తరబడి నిటారుగా నిలిచే ఫ్రెట్‌బోర్డ్ (నెక్ మీద వేళ్లతో తీగలను నొక్కే పలక) తలం. ఈ వ్యాసంలో చెప్పే ప్రతి పనీ ఆ రేఖను, ఆ తలాన్ని కాపాడుకోవడానికి చేసేదే.

ఈ రంగంలో ఇప్పటికీ రెండు సంప్రదాయాలు పునాదిగా ఉన్నాయి. 1950లో ఫెండర్ సంస్థ తెచ్చిన గిటార్లలో నెక్‌ను బాడీకి మరలతో బిగించారు. 1951లో టెలీకాస్టర్ అన్న పేరు స్థిరపడింది, 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. 1952లో గిబ్సన్ విడుదల చేసిన లెస్ పాల్ నమూనాలో నెక్‌ను కొంత కోణంలో అమర్చి జిగురుతో అతికించారు. మరలతో బిగించే నెక్‌ను ఎన్నిసార్లైనా విప్పి సరిచేసుకోవచ్చు. అందుకే మొదటి గిటార్‌కు ఆ పద్ధతినే ఎంచుకోమని సలహా ఇస్తాను. ఈ మార్గదర్శి 648 మిల్లీమీటర్ల తీగ పొడవు, 22 ఫ్రెట్లు (ఫ్రెట్‌బోర్డ్ మీది లోహపు మెట్లు), మరల నెక్ ఉన్న గిటార్‌ను దృష్టిలో పెట్టుకొని సాగుతుంది. జిగురు నెక్‌కు పద్ధతి మారే చోట ఆ తేడాను విడిగా చెబుతాను.

కాగితం మీద గిటార్

చెక్కను ముట్టుకునే ముందు గిటార్‌ను అసలు పరిమాణంలో కాగితం మీద గీయాలి. పైనుంచి కనిపించే చిత్రం ఒక్కటే చాలదు. పక్కనుంచి కనిపించే చిత్రం అంతకన్నా ముఖ్యం, ఎందుకంటే నెక్ ఎంత లోతుగా కూర్చోవాలి, ఎంత కోణంలో ఉండాలి అన్నవి అందులోనే తేలతాయి. ఉదాహరణకు ఫెండర్ పద్ధతిలో నెక్ మడమ (నెక్ బాడీలో కూర్చునే చివర) మందం ఫ్రెట్‌బోర్డ్‌తో కలిపి 25.4 మి.మీ., దాన్ని కూర్చోబెట్టే గూడు లోతు 15.9 మి.మీ. ఉంటాయి. అంటే ఫ్రెట్‌బోర్డ్ ఉపరితలం బాడీ కన్నా 9.5 మి.మీ. ఎత్తున నిలుస్తుంది, తక్కువ ఎత్తున్న బ్రిడ్జ్‌కు అది సరిపోతుంది. లెస్ పాల్ తరహాలో బ్రిడ్జ్ ఎత్తుగా ఉంటుంది కనుక నెక్‌ను 3 నుంచి 5 డిగ్రీల దాకా వెనక్కి వంచాలి. మీరు కొనబోయే బ్రిడ్జ్‌ను చేతిలో పెట్టుకొని, దాని కనిష్ఠ, గరిష్ఠ ఎత్తులను కొలిచి, ఆ తర్వాతే ఈ చిత్రం గీయండి. బ్రిడ్జ్‌ను చివర్లో కొనుక్కుందామనుకున్నవారికి, తీగలు ఎంత దించినా దిగని గిటార్ మిగిలే ప్రమాదం ఉంది.

ఫ్రెట్ల స్థానాలను కూడా ఇప్పుడే లెక్క కట్టాలి. ఒక సప్తకంలో 12 సమాన మెట్లు ఉంటాయి కనుక, ప్రతి ఫ్రెట్ దగ్గర మిగిలిన తీగ పొడవును 17.817తో భాగిస్తే తర్వాతి ఫ్రెట్ దూరం వస్తుంది. 648ని అలా భాగిస్తే మొదటి ఫ్రెట్ నట్ నుంచి 36.37 మి.మీ. దూరంలో పడుతుంది. మిగిలిన 611.63ను మళ్లీ భాగిస్తే 34.33 వస్తుంది, కాబట్టి రెండవ ఫ్రెట్ నట్ నుంచి 70.70 దగ్గర ఉంటుంది. 12వ ఫ్రెట్ సరిగ్గా సగంలో, 324 దగ్గర పడాలి. లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి అదే సులువైన గుర్తు. చెక్క మీద గుర్తులు పెట్టేటప్పుడు మాత్రం ఒక ఫ్రెట్ నుంచి మరొక ఫ్రెట్‌కు కొలవకూడదు. ప్రతి దూరాన్నీ నట్ నుంచే కొలవాలి, లేకపోతే చిన్న చిన్న తప్పులన్నీ పోగుపడి చివరి ఫ్రెట్ల దగ్గర పెద్దవవుతాయి. 20వ ఫ్రెట్ 0.2 మి.మీ. తప్పినా స్వరం దాదాపు 2 సెంట్లు (సెంటు అంటే ఒక మెట్టులో నూరవ వంతు) పక్కకు జరుగుతుంది. బ్రిడ్జ్‌ను ఎంత సవరించినా ఆ తప్పు పోదు.

చెక్క ఎంపిక, ఆరబెట్టడం

నెక్‌కు గట్టి మేపుల్ లేదా మహాగనీ, ఫ్రెట్‌బోర్డ్‌కు రోజ్‌వుడ్, ఎబొనీ లేదా మేపుల్, బాడీకి ఆల్డర్, యాష్, మహాగనీ వాడటం పరిపాటి. ఏ జాతి చెక్క వాడామన్నదానికన్నా దాని తేమ శాతం, నార దిశ ముఖ్యమైనవి. తేమ 6 నుంచి 8 శాతం మధ్యకు దిగిన చెక్కనే తీసుకోవాలి. ఇంటికి తెచ్చిన తర్వాత కూడా 45 నుంచి 50 శాతం గాలి తేమ ఉన్న గదిలో, అన్ని వైపులా గాలి తగిలేలా కొన్ని వారాల పాటు పేర్చి ఉంచాలి. నెక్ చెక్కలో నార ఒక చివరి నుంచి మరొక చివరికి నిటారుగా సాగాలి. అడ్డంగా కోసిన ముఖం మీద వార్షిక వలయాలు నిలువుగా కనిపించే క్వార్టర్‌సాన్ కోత మేలు. గాలిలో తేమ పెరిగినా తగ్గినా ఆ కోత తక్కువగా వంగుతుంది.

బాడీ చెక్క స్వరాన్ని ఎంతవరకు మారుస్తుందన్న వాదన చాలా కాలంగా నడుస్తోంది. తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్ అందుకునేది అయస్కాంత క్షేత్రంలో ఉక్కు తీగ కదలికను కనుక, బాడీ చెక్క జాతికి మనం ఆపాదించే గుణాల్లో చాలా భాగం పికప్‌లకు, తీగలకు, వాటి ఎత్తుకు చెందినవని నా అభిప్రాయం. నెక్ గట్టిదనం, అతుకు బిగువు మాత్రం స్వరం ఎంతసేపు నిలుస్తుందన్న విషయంలో చేతికే తెలుస్తాయి. అందువల్ల ఖర్చు పెట్టగలిగినంతా నెక్ చెక్క మీద పెట్టండి.

రోజ్‌వుడ్ గురించి ఒక మాట చెప్పాలి. రోజ్‌వుడ్ చెట్లు చేరే డాల్‌బెర్జియా ప్రజాతి మొత్తం 2017 జనవరి నుంచి, అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందపు రెండవ అనుబంధంలో ఉంది. పూర్తయిన సంగీత వాయిద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు ఇచ్చారు. బ్రెజిల్ రోజ్‌వుడ్ మాత్రం 1992 నుంచి మరింత కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. చెక్కను ముడి పలకలుగా దేశాలు దాటించేవారు దాని పత్రాలను తప్పక చూసుకోవాలి. ఈ చెక్కల పొడి ఊపిరితిత్తులకు, చర్మానికి హాని చేస్తుంది కనుక, చిత్రిక పట్టేటప్పుడు కాకపోయినా సాండ్‌పేపర్ వాడేటప్పుడు ముఖానికి సరైన మాస్క్ ఉండి తీరాలి.

నెక్: తొందరపడకూడని పని

నెక్ చెక్కను కావలసిన పరిమాణం కన్నా 5 మి.మీ. ఎక్కువ మందంతో, వెడల్పుతో కోసి, ఒక వారం పక్కన పెట్టండి. చెట్టుగా ఉన్నప్పటి నుంచి చెక్కలో దాగిన ఒత్తిడి కోత తర్వాత విడుదలవుతుంది, అప్పుడు ముక్క కొంత వంగవచ్చు, మెలి తిరగవచ్చు. వారం తర్వాత చిత్రిక పట్టి మళ్లీ చదును చేసి, మరో వారం ఆపండి. రెండవసారి కూడా గణనీయంగా వంగిన చెక్కను నెక్‌గా వాడవద్దు, ఎంత అందమైనదైనా సరే పక్కన పెట్టేయండి. పేరున్న తయారీదారుల గిటార్లకు, తొందరగా తయారైన గిటార్లకు మధ్య తేడాలో సగం ఈ నిరీక్షణలోనే ఉంది. రంపం ఎవరి దగ్గరైనా ఉంటుంది, రెండు వారాలు ఆగే ఓపిక అందరికీ ఉండదు.

ఒక ముఖం పూర్తిగా చదునయ్యాక దాని మీద పదునైన కత్తిమొనతో మధ్యరేఖను గీయాలి. పెన్సిల్ గీతకు మందం ఉంటుంది, కత్తి గీతకు ఉండదు. ఇక మీదట ప్రతి కొలతా ఈ రేఖ నుంచే తీసుకోవాలి. చెక్క అంచులు తర్వాత కోతకు గురై పోతాయి కనుక అంచుల నుంచి కొలవకూడదు.

తర్వాత ట్రస్ రాడ్ గాడి తీయాలి. నెక్ లోపల ఉండి తీగల లాగుడుకు ఎదురు నిలిచే ఈ సవరించదగిన ఉక్కు కడ్డీకి గిబ్సన్ సంస్థలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ 1923లో పేటెంట్ పొందారు. ఇప్పుడు రెండు వైపులా సవరించగల రాడ్‌లు దొరుకుతున్నాయి, మొదటిసారి చేసేవారికి అవే మంచివి. వాటిలో చాలా వాటికి 6 మి.మీ. వెడల్పు, 9 లేదా 10 మి.మీ. లోతున్న నేరు గాడి సరిపోతుంది. అయినా చేతిలో ఉన్న రాడ్‌ను కొలిచాకే రౌటర్‌ను (చెక్కలో గాడులు తవ్వే యంత్రాన్ని) అమర్చండి. రాడ్ గాడిలో వేలితో నొక్కితే దిగేంత బిగువుగా ఉండాలి. వదులుగా ఉంటే కొన్ని స్వరాల దగ్గర నెక్ లోపల నుంచి గలగలమనే చప్పుడు వస్తుంది, ఫ్రెట్‌బోర్డ్ అతికించాక దాన్ని ఆపడం చాలా కష్టం. రాడ్‌కు ఇరువైపులా సన్నని కార్బన్ ఫైబర్ పట్టీలను కూడా పొదిగితే నెక్ మరింత స్థిరంగా ఉంటుంది. ఈ అదనపు పనికి తగిన ఫలితం ఉంటుందని నేను నమ్ముతాను.

హెడ్‌స్టాక్ (శ్రుతి చేసే మరలు ఉండే నెక్ తల భాగం) ఫెండర్ తరహాలో నేరుగా ఉంటే నెక్ మొత్తం ఒకే పలక నుంచి వస్తుంది. గిబ్సన్ తరహాలో వెనక్కి వంగి ఉండాలంటే 14 నుంచి 17 డిగ్రీల కోణం కావాలి. ఒకే పలకలో ఆ కోణాన్ని కోస్తే వంపు దగ్గర నార అడ్డంగా తెగి, గిటార్ కింద పడినప్పుడు సరిగ్గా అక్కడే విరుగుతుంది. పలకను ఏటవాలుగా కోసి, ఒక ముక్కను తిరగేసి అతికించే స్కార్ఫ్ అతుకులో నార రెండు భాగాల్లోనూ నిటారుగా ఉంటుంది కనుక అది దృఢమైనది. శ్రుతి చేసే మరలను ఎలా అమర్చినా, నట్ దాటిన తర్వాత తీగలు వీలైనంత నేరుగా సాగేలా చూడండి. పక్కకు వంగిన తీగ నట్ గాడిలో చిక్కుకుని శ్రుతి తప్పుతుంది.

ఫ్రెట్‌బోర్డ్

ఫ్రెట్‌బోర్డ్ పలకకు గాడులు కోయాల్సింది అది ఇంకా చదునుగా, అంచులు సమాంతరంగా ఉన్నప్పుడే. అంచులను ఏటవాలుగా తీర్చాక, ఉపరితలాన్ని గుండ్రం చేశాక మూలమట్టం ఆనించడానికి నమ్మకమైన ఆధారం మిగలదు. గాడి వెడల్పు సుమారు 0.58 మి.మీ. ఉండేలా ఫ్రెట్ల కోసమే చేసిన రంపాన్ని వాడాలి. వంపు చెక్కిన తర్వాత అంచుల దగ్గర గాడి లోతు తగ్గుతుంది కనుక ముందే కొంచెం లోతుగా కోయడం మంచిది. గుర్తు చుక్కలను పొదగడం కూడా ఇప్పుడే పూర్తి చేయవచ్చు.

పలకను నెక్‌కు అతికించేటప్పుడు రెండు ప్రమాదాలు ఉన్నాయి. మొదటిది, తడి జిగురు మీద క్లాంప్ బిగించగానే పలక పక్కకు జారి మధ్యరేఖ తప్పుతుంది. దీన్ని ఆపడానికి రెండు ఫ్రెట్ గాడుల్లో సన్నని రంధ్రాలు చేసి చిన్న సూదులను దించండి, తర్వాత ఫ్రెట్లు ఆ రంధ్రాలను కప్పేస్తాయి. రెండవది, నీటితో కలిసిన జిగురు పలక అడుగు భాగాన్ని తడిపి ఉబ్బిస్తుంది, దానివల్ల నెక్ వంగిపోతుంది. జిగురును పలుచగా, సమంగా పూసి, మందపాటి నిటారు దిమ్మెను పైన పెట్టి క్లాంప్‌లు వేసి, కనీసం ఒక రోజు విప్పకుండా ఉంచాలి. నీరు లేని ఎపాక్సీ వాడితే ఈ రెండవ బెడద ఉండదు. ట్రస్ రాడ్ మీద సన్నని టేపు అంటించి జిగురు పూసి, అతికించే ముందు టేపు తీసేస్తే రాడ్‌కు జిగురు అంటదు.

ఉపరితలపు వంపు ఎంత ఉండాలన్నది వాయించేవారి అభిరుచిని బట్టి ఉంటుంది. పాత ఫెండర్‌లలో దాని వ్యాసార్ధం 184 మి.మీ., గిబ్సన్‌లలో 305 మి.మీ. ఎక్కువ గుండ్రంగా ఉన్న బోర్డు మీద తీగను పక్కకు లాగితే పై ఫ్రెట్లకు తగిలి స్వరం మూగబోతుంది. అందుకే నట్ దగ్గర 254, చివర్లో 406 మి.మీ.గా క్రమంగా చదునయ్యే వంపును చాలామంది ఎంచుకుంటారు. కింది వైపు కార్డులు (ఒకేసారి పలికించే స్వరాల గుంపులు) పట్టడానికి చెయ్యి హాయిగా ఉంటుంది, పై వైపు తీగ లాగుడుకు అడ్డు ఉండదు. వంపు దిమ్మెకు సాండ్‌పేపర్ అంటించి, మధ్యరేఖ వెంట నిటారుగా నడుపుతూ, కొద్దికొద్దిసేపటికి స్ట్రెయిట్‌ఎడ్జ్ (కచ్చితంగా నిటారుగా ఉండే బద్ద) ఆనించి, వెనుక దీపం పెట్టి చూడండి. ఎక్కడా వెలుగు కనిపించకూడదు. ఇక్కడ అర మిల్లీమీటరు లోపాన్ని తర్వాత ఫ్రెట్లను అరగదీసి సరిచేద్దామనుకోవడం పొరపాటు. ఫ్రెట్ ఎత్తే 1.0 నుంచి 1.4 మి.మీ., అందులో అర మిల్లీమీటరు పోతే ఇక మిగిలేది ఏముంటుంది?

బాడీ, నెక్ గూడు

బాడీ మందం సాధారణంగా 44 లేదా 45 మి.మీ. ఉంటుంది. ఒకే పలకలో ఆ వెడల్పు దొరకడం అరుదు కనుక రెండు ముక్కలను అతికిస్తారు. రెండు ముక్కలనూ పుస్తకం మూసినట్టు కలిపి, కలవవలసిన అంచులను ఒకేసారి చిత్రిక పట్టండి. చిత్రిక కొంచెం ఒరిగినా ఒక అంచులోని వాలును మరొక అంచు వాలు సరిచేస్తుంది, విప్పి కలిపితే అతుకు చదునుగా వస్తుంది. జిగురు లేకుండా అంచులను ఆనించి వెలుగుకు ఎదురుగా పట్టుకున్నప్పుడు గీత కనిపించకపోతేనే జిగురు పూయాలి. క్లాంప్‌ల బలంతో అతుకును మూసేద్దామని అనుకోవద్దు, అలా మూసిన అతుకు కొన్నేళ్లకు తెరుచుకుంటుంది.

ఆకారాన్ని మూసతో గీసి, గీతకు 2 మి.మీ. బయట బ్యాండ్‌సాతో కోసి, మిగిలింది రౌటర్‌తో తీయాలి. వంపుల దగ్గర నారకు ఎదురుగా రౌటర్ నడిస్తే చెక్క పెచ్చులుగా లేచిపోతుంది, అందుకే అక్కడ ఒక్కోసారి చాలా కొద్దిగా మాత్రమే తీయండి. పికప్‌ల, వైరింగ్ గూళ్లను కూడా కొద్దికొద్ది లోతుతో, పలు విడతల్లో తవ్వాలి. వైర్లు వెళ్లే రంధ్రాలను మరచిపోవద్దు. పైన మేపుల్ పొర అతికించే గిటార్‌లో ఆ పొర వేయకముందే వాటిని తవ్వుకోవాలి.

నెక్ గూడు ఈ పనిలోకెల్లా నిదానం కోరేది. దాని మూసను సిద్ధంగా ఉన్న నెక్ మడమ చుట్టూ, దాన్నే ఆనించి తయారు చేయండి. కొలతల ప్రకారం కొన్న మూస మీ నెక్‌కు సరిపోతుందని హామీ ఉండదు. మరలు లేకుండా నెక్‌ను గూట్లో కూర్చోబెట్టి, నెక్ పట్టుకొని పైకెత్తితే బాడీ దానితోపాటు లేవాలి. అంతటి బిగువు ఉన్నప్పుడే అతుకు సరైనది. అయితే పూత వేశాక గూటి గోడలు ఇంకా ఇరుకవుతాయి, అప్పుడు బలవంతంగా దిగవేస్తే పూత పగులుతుంది కనుక గూటిలోపల పూత పడకుండా టేపు వేసుకోవాలి. గూటి అడుగు పూర్తిగా చదునుగా ఉండాలి. అడుగున మిగిలిన చిన్న గుబ్బ కూడా మరలు బిగించినప్పుడు మడమను వంచి, చివరి ఫ్రెట్లను పైకి లేపుతుంది. జిగురు నెక్ విషయంలో కోణాన్ని అతికించకముందే పదేపదే సరిచూసుకోవాలి. జిగురు ఆరాక దాన్ని సవరించడమంటే అతుకును ఆవిరితో విప్పడమే.

నెక్ కూర్చున్న తర్వాతే బ్రిడ్జ్ స్థానాన్ని నిర్ణయించాలి. నట్ ఇరు చివర్ల నుంచి రెండు సన్నని దారాలను ఫ్రెట్‌బోర్డ్ అంచుల వెంట బ్రిడ్జ్ దాకా లాగి కట్టి, బ్రిడ్జ్ వాటి నడుమ సమంగా ఉండేలా జరపండి. నెక్ వెంట్రుకవాసి పక్కకు తిరిగినా ఇక్కడ బయటపడుతుంది. అన్నిటికన్నా సన్నని తీగ ఆనే శాడిల్‌ను (బ్రిడ్జ్ మీద జరపగల ముక్కను) దాదాపు పూర్తిగా ముందుకు తెచ్చి, నట్ నుంచి అక్కడికి 648 మి.మీ. ఉండేలా గుర్తు పెట్టాలి. తీగను నొక్కినప్పుడు దాని బిగువు పెరిగి స్వరం కొంచెం పైకి పోతుంది కనుక, శాడిల్‌లు వెనక్కి జరగడానికే చోటు కావాలి. అన్నిటికన్నా లావుపాటి తీగ శాడిల్ చివరికి 4 లేదా 5 మి.మీ. వెనుక నిలుస్తుంది.

నెక్ వెనుక భాగాన్ని చెక్కడం

ఈ పనికి యంత్రం కన్నా చెయ్యే మేలు. మొదటి ఫ్రెట్ దగ్గర 20 నుంచి 21 మి.మీ., 12వ ఫ్రెట్ దగ్గర 22 నుంచి 23 మి.మీ. మందం చాలామంది చేతులకు నప్పుతుంది. ఈ రెండు చోట్ల ముందుగా పూర్తి ఆకారాన్ని చెక్కి, మూసతో సరిచూసి, తర్వాత ఆ రెంటినీ కలుపుతూ మధ్య భాగాన్ని తీయాలి. నేరుగా గుండ్రం చేయబోతే ఎక్కడ ఎంత తీశామో తెలియదు. ముందు ఇరువైపులా 45 డిగ్రీల చదును ముఖాలు తీర్చండి, తర్వాత వాటి అంచులను మళ్లీ చదును ముఖాలుగా విరవండి, అలా ముఖాలు చిన్నవవుతూ పోతే చివరకు సాండ్‌పేపర్ వాటిని ఒకే వంపుగా కలిపేస్తుంది. దీపాన్ని పక్కనుంచి పడేలా పెడితే చిన్న గుంటలు కూడా నీడలుగా కనిపిస్తాయి. ఆ తర్వాత కళ్లు మూసుకొని బొటనవేలిని నెక్ పొడవునా నడపండి, కంటికి దొరకని ఎత్తుపల్లాలు వేలికి దొరుకుతాయి.

ఫ్రెట్లు

ఫ్రెట్ తీగలో ఎక్కువగా వాడే నికెల్ సిల్వర్‌లో పేరుకు తప్ప వెండి లేదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. స్టెయిన్‌లెస్ స్టీల్ చాలా కాలం మన్నుతుంది కానీ పనిముట్లను త్వరగా అరగదీస్తుంది. మొదటి గిటార్‌కు నికెల్ సిల్వరే వాడండి.

ఫ్రెట్‌ను బోర్డు వంపు కన్నా కొంచెం ఎక్కువగా వంచాలి. గాడి పై అంచులను మూడు పలకల ఆకురాయితో ఒక్కసారి తాకించి చిన్న వాలు ఇస్తే, ఫ్రెట్ సులువుగా దిగుతుంది, ఎప్పుడైనా దాన్ని పీకవలసి వచ్చినప్పుడు చెక్క పెచ్చులు లేవవు. ముందు రెండు చివర్లను దించి, తర్వాత నడిమిని సుత్తితో గానీ ప్రెస్‌తో గానీ దించండి. ఫ్రెట్ కింద ఎక్కడా సందు మిగలకూడదు. చివర్లను కత్తిరించి, బోర్డు అంచుతో సమం చేసి, సుమారు 35 డిగ్రీల వాలుగా ఆకురాయి పట్టాలి. ఆ తర్వాత ప్రతి ఫ్రెట్ చివరి రెండు మూలలనూ విడివిడిగా గుండ్రం చేయాలి. 22 ఫ్రెట్లకు 44 చివర్లు, ఒక్కో చివరికి రెండు మూలలు. సాదా గిటార్లలో ఈ పని వదిలేస్తారు, మేలైన గిటార్లలో దీనికి గంటల సమయం పెడతారు. చేతిని నెక్ అంచు వెంట వేగంగా నడిపినప్పుడు ఎక్కడా గుచ్చుకోకపోతే ఆ గంటలు సార్థకమైనట్టే.

ఫ్రెట్లను సమం చేసేటప్పుడు ముందుగా ట్రస్ రాడ్‌ను సవరించి బోర్డును నిటారుగా తేవాలి. ఫ్రెట్ల తలల మీద మార్కర్ సిరా పూసి, కచ్చితంగా నిటారుగా ఉన్న పొడవాటి దిమ్మెకు 400 నంబరు సాండ్‌పేపర్ అంటించి, బరువు వేయకుండా నడపండి. అన్ని తలల మీదా సిరా చెరిగిన క్షణమే ఆపాలి. 15వ ఫ్రెట్ తర్వాత కొద్దిపాటి దిగుడు ఇస్తే పై స్వరాలు మరింత స్పష్టంగా పలుకుతాయి. చదునైన తలలకు మళ్లీ సిరా పూసి, గుండ్రం చేసే ఆకురాయితో రెండు పక్కల నుంచి తీస్తూ, నడుమ వెంట్రుకంత సిరా గీత మిగిలేదాకా పోవాలి. ఆ గీతను ముట్టుకోకపోతే సమం చేసిన ఎత్తు చెక్కుచెదరదు. చివరగా సన్నరకం సాండ్‌పేపర్లతో మెరుగు పెట్టండి. స్టీల్ ఊల్ వాడేవారు పికప్‌లను దూరంగా ఉంచాలి, దాని రజను అయస్కాంతాలకు అంటుకుంటే తీయడం చాలా కష్టం.

పూత

చెక్కను 220, ఆపై 320 నంబరు సాండ్‌పేపర్‌తో నునుపు చేసి, తడి గుడ్డతో తుడిచి, లేచిన నారను ఆరాక మళ్లీ తీసేయాలి. మహాగనీ, యాష్‌లలో రంధ్రాలు పెద్దవి కనుక వాటిని ఫిల్లర్‌తో నింపాలి. ఆల్డర్, మేపుల్‌లకు దాదాపు అవసరం ఉండదు. చారల మేపుల్‌కు ముందు ముదురు రంగు పట్టించి, దాన్ని ఉపరితలం మీద నుంచి సాండ్‌పేపర్‌తో తీసేస్తే రంగు చారల్లో మాత్రమే నిలుస్తుంది. ఆ తర్వాత వేసే అసలు రంగు కింద ఆ చారలు లోతుగా కనిపిస్తాయి.

నైట్రోసెల్యులోజ్ లాకర్‌ను పలుచని పొరలుగా, రోజుకు రెండు మూడు చొప్పున, మొత్తం 10 పొరల దాకా వేసి, మూడు నాలుగు వారాలు ఆరనివ్వాలి. పైకి ఆరినట్టు కనిపించినా లోపలి ద్రావకం ఆవిరవుతూనే ఉంటుంది. తొందరపడి మెరుగు పెడితే పూత తర్వాత కుంగి, చెక్క రంధ్రాలు పైకి కనిపిస్తాయి. ఆరాక 1000 నుంచి 2000 నంబరు దాకా తడి సాండ్‌పేపర్‌తో సమం చేసి మెరుగు పెట్టాలి. పూత తెగి చెక్క బయటపడేది ఎప్పుడూ అంచుల దగ్గరే కనుక అంచులను చివరకు, చేత్తో, చాలా తేలికగా తాకండి. ఈ లాకర్ ఆవిరి మండే గుణం కలది, రెండు భాగాల పాలీయురెథేన్‌లోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు ప్రమాదకరమైనవి. గాలి బయటికి పోయే ఏర్పాటు, రసాయన ఆవిరిని ఆపే మాస్క్ లేకుండా ఏ పూతా చల్లవద్దు. ఆ ఏర్పాటు లేనివారు నూనె పూతతో తృప్తి పడవచ్చు. నెక్ వెనుక భాగానికైతే అందరికీ నేను నూనె పూతనే సూచిస్తాను, చెయ్యి దాని మీద జిడ్డుగా అంటుకోదు.

పికప్‌లు, వైరింగ్

పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ 42 గేజ్ రాగి తీగను, అంటే సుమారు 0.063 మి.మీ. మందం ఉన్న తీగను, వేల చుట్లు చుట్టిన చుట్ట. స్ట్రాటోకాస్టర్ తరహా పికప్‌లో దాదాపు 8,000 చుట్లు ఉంటాయి. ఒకే చుట్ట ఉన్న పికప్ చుట్టుపక్కల విద్యుత్ పరికరాల గుంయిమనే మోతను కూడా అందుకుంటుంది. గిబ్సన్ ఇంజనీరు సేత్ లవర్ 1955లో రూపొందించిన హంబకర్‌లో రెండు చుట్టలు ఎదురెదురు దిశల్లో, ఎదురెదురు ధ్రువాలతో ఉంటాయి, అందువల్ల మోత రద్దయి తీగల స్వరం మాత్రం మిగులుతుంది. పికప్‌లను స్వయంగా చుట్టడం వేరే విద్య. మొదటి గిటార్‌కు వాటిని కొనుక్కోవడంలో తప్పేమీ లేదు.

ఒకే చుట్ట పికప్‌లకు 250 కిలో ఓమ్‌ల, హంబకర్లకు 500 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్లు (శబ్దాన్ని, టోన్‌ను మార్చే గుబ్బల కింది భాగాలు) వాడటం ఆనవాయితీ. విలువ తగ్గే కొద్దీ తీవ్ర స్వరాల మెరుపు తగ్గుతుంది. టోన్ కెపాసిటర్ 0.022 లేదా 0.047 మైక్రోఫారడ్‌లది సరిపోతుంది. గూటి గోడలన్నిటికీ రాగి రేకు టేపు అంటించి, దాన్ని గ్రౌండ్‌కు కలపండి. బ్రిడ్జ్‌కు కూడా ఒక గ్రౌండ్ వైరు వెళ్లాలి, అది లేకపోతే మోత చాలా పెరుగుతుంది.

నట్, తుది సవరణ

నట్‌కు ఎముక శ్రేష్ఠం. తీగ గాడి తీగ మందం కన్నా కొంచెం వెడల్పుగా, హెడ్‌స్టాక్ వైపు వాలుగా ఉండాలి. తీగ గాడి ముందు అంచు మీదే ఆనాలి, లేకపోతే సితార్‌లా జుమ్మనే చప్పుడు వస్తుంది. గాడి లోతు చాలిందో లేదో తెలుసుకోవడానికి తీగను రెండవ, మూడవ ఫ్రెట్ల మధ్య నొక్కి, మొదటి ఫ్రెట్ మీద ఉన్న సందును చూడండి. వెలుగు గీత కనిపించీ కనిపించనట్టు ఉంటే చాలు. ఒక్క ఆకురాయి తాకిడి ఎక్కువైనా తీగ మొదటి ఫ్రెట్‌కు తగులుతుంది, అప్పుడు నట్ మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.

తీగలు ఎక్కించి, శ్రుతి చేసి, ఒక రోజు వదిలేయండి. తర్వాత తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, నెక్ బాడీతో కలిసే ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, 7వ ఫ్రెట్ మీద సందు 0.15 నుంచి 0.25 మి.మీ. ఉండేలా ట్రస్ రాడ్‌ను సవరించాలి. రాడ్‌ను ఒకసారికి పావు చుట్టు కన్నా ఎక్కువ తిప్పవద్దు. ఆ తర్వాతే శాడిల్‌ల ఎత్తు: 12వ ఫ్రెట్ దగ్గర సన్నని తీగ కింద 1.5 మి.మీ., లావు తీగ కింద 2 మి.మీ. మంచి మొదలు. పికప్‌లను తీగలకు మరీ దగ్గరగా పెట్టకండి, అయస్కాంతం తీగను లాగి స్వరాన్ని చెదరగొడుతుంది. చివరిది శ్రుతి సవరణ. 12వ ఫ్రెట్ మీద పలికించిన హార్మోనిక్‌ను (తీగను నొక్కకుండా వేలితో తాకి మీటితే వచ్చే స్వరాన్ని), అక్కడే నొక్కి పలికించిన స్వరంతో పోల్చండి. నొక్కిన స్వరం ఎక్కువగా ఉంటే శాడిల్‌ను వెనక్కి, తక్కువగా ఉంటే ముందుకు జరపాలి. ఈ పరీక్షకు కొత్త తీగలే వాడాలి.

కొత్త నెక్ తీగల లాగుడుకు అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. అన్నాళ్లూ గిటార్‌ను శ్రుతిలోనే ఉంచి, రోజూ వాయిస్తూ, గడువు ముగిశాక స్ట్రెయిట్‌ఎడ్జ్‌తో బోర్డును మళ్లీ చూడండి. ఎక్కడైనా ఒక ఫ్రెట్ లేచి ఉంటే ఆ ఒక్కదానినే సమం చేసి, రాడ్‌ను, శాడిల్‌లను మరోసారి సవరించి, అప్పుడే గిటార్‌ను వాయించేవారి చేతికి ఇవ్వండి.